ప్రవళిక పాడని పాట

అమెరికాలో నెల రోజులుండి వచ్చాను. నయాగరా చూడలేదు. పెద్ద పెద్ద భవనాల ముందు ఫొటోలు దిగలేదు. అడిగిన వాళ్లందరికీ ఒక పాట పని మీద వెళ్లానని చెబుతున్నాను. అది నిజమే. ఆ పనిలో నా వల్ల ఒక ఆడపిల్లకు జరిగిన నష్టాన్ని మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆ అమ్మాయి పేరు, చదువు, పనిచేసిన చోటు మార్చి ఇక్కడ రాస్తున్నాను. నా తప్పు మాత్రం మార్చలేదు.

వేరు వేరు దేశాల్లో స్థిరపడిన తెలుగువాళ్లు ఏడాదికోసారి పాటల పోటీ పెట్టుకుంటారు. దేశానికొక కొత్త పాట. రాసేవాళ్లు ఎక్కడివాళ్లయినా ఫర్వాలేదు, పాడేవాళ్లు మాత్రం ఆ దేశంలో ఉంటున్నవాళ్లే కావాలి. ఈసారి పోటీ డాలస్‌లో. అమెరికా తరఫున పాడటానికి నేను పంపిన పాటను ఎంచుకున్నారు. ముప్పై ఏళ్లు ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పి రిటైరైన దాన్ని, మాది కోనసీమ. రేవులో పడవ నడిపే ఒకావిడ చీకటిపడే ముందు అవతలి గట్టు వాళ్లను పిలవడమే ఆ పాట.

"ఓ... ఆవలి గట్టోళ్లారా, పొద్దు వాలిపోతోంది
ఒక్కరుంటే ఒక్కరు, ఇంకొక్క చోటుంది."

పాడేవాళ్లను ఎంచి, ఉచ్చారణ దిద్ది, రికార్డింగ్ అయ్యేదాకా దగ్గరుండమని పిలిచారు. నిర్వాహకుల తరఫున శైలజ గారనే ఆవిడ టికెట్ పంపుతూ ఒక మాట చెప్పారు. "టీచర్ గారూ, ప్రాక్టీస్ చేసేటప్పుడు చిన్న చిన్న వీడియోలు తీసి మన గ్రూప్‌లో పెడుతూ ఉండండి. పోటీకి ముందే కాస్త సందడి ఉండాలి కదా!"

ఫోన్‌లో వీడియో తీయడం పక్కింటి పిల్ల దగ్గర నేర్చుకుని మరీ వెళ్లాను.

పిస్కాటవే

అమెరికా తూర్పు వైపున్న ఈ ఊళ్లో నాకు బస ఇచ్చిన ఇంట్లో మొగుడూ పెళ్లాలిద్దరూ పొద్దున్నే ఆఫీసులకు వెళ్లిపోయేవారు. తర్వాత ఆ ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంకేం వినపడదు. వీధిలో మనిషి కనపడడు. కనపడిన మనిషి మాత్రం ఎవరో ఏమిటో తెలియకపోయినా నవ్వి పలకరిస్తాడు. మన దగ్గర ముక్కూ మొహం తెలియని వాడు నవ్వితే పైట సర్దుకుంటాం. నాలుగో రోజుకి నేనూ నవ్వడం మొదలుపెట్టాను. ఇండియన్ షాపులో ఫ్రిజ్‌లో పెట్టి కర్రలా బిగుసుకుపోయిన గోంగూర కట్ట నాలుగు డాలర్లు. టిఫిన్ సెంటర్‌లో మూడు ఇడ్లీలు తొమ్మిది డాలర్లు. ఆ ఇడ్లీ తింటున్నంతసేపూ మా వీధి చివర ఇడ్లీ బండి సుబ్బాయమ్మకు ఈ ధర చెబితే ఏమంటుందా అనుకున్నాను.

అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లో పాడేవాళ్లను ఎంపిక చేశాం. తొమ్మిది మంది వచ్చారు, అందరూ బాగానే పాడారు. మొదట్లో ఉన్న ఆ 'ఓ' దగ్గరే అందరూ రాగం తీసి, మెలికలు తిప్పి, కళ్లు మూసుకున్నారు. అందరూ అయ్యాక నేను కాగితాలు సర్దుకుంటుంటే ఒకమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చింది. సన్నగా, చామనఛాయగా ఉంది. మోచేతికి పిండి అంటుకుని ఉంది.

"సారీ మేడం, బస్ మిస్సయింది. పాడొచ్చా, టైం అయిపోయిందా?"

అదే ప్రవళిక. జగిత్యాల వైపు పల్లె నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చింది.

ఆమె ఆ 'ఓ' పాడలేదు. పిలిచింది. ఎదుట గోడ ఉన్నచోట ఏటి నీళ్లున్నట్టు, వాటి మీదుగా విసిరినట్టు పిలిచింది. ఆ పాట రాసింది నేనేనా అనిపించింది.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

"నేర్సుకునుడేం లేదు మేడం. మా అమ్మ బీడీలు చేస్తది. వాడకట్టు ఆడోళ్లందరు ఒక్కతాన కూసుని పాడుకుంట చేస్తరు. పిలుపంటె పిలుపే గద మేడం. పాట లెక్క పాడితె ఎవరొస్తరు?"

"గోదావరి చూశావా?"

నవ్వింది. "గోదారి మా దిక్కు నుంచే మీ దిక్కుకొస్తది మేడం. మేం విడిసిన నీళ్లే మీరు తాగుతరు."

నాలుగు రోజులు పాట నేర్పాను. నేర్పడమంటే ఎదురుగా కూర్చుని వినడమే. నా పాటలో మొదట 'ఇంకొక్క స్థానముంది' అని ఉండేది. "చోటుంది అందామా మేడం? స్థానం అంటె ర్యాంక్ లెక్క ఉంది" అంది. ముప్పై ఏళ్లు పిల్లల తప్పులు దిద్దిన దాన్ని, నోరు మూసుకుని దిద్దుకున్నాను. ఆరుగురు అమ్మాయిలు రెండు గదుల ఫ్లాట్‌లో ఉంటారట. ప్రాక్టీసుకు ఎప్పుడూ ఆలస్యంగానే వచ్చేది, కళ్ల కింద నలుపు. ఎందుకని అడిగితే "అసైన్‌మెంట్లు మేడం" అనేది. నమ్మాను.

వంటగది

శైలజ గారి ఊరు హెర్న్‌డన్‌కు బయలుదేరే రోజు మధ్యాహ్నం, దారిలో తినడానికి పూరీలు కొందామని నడుచుకుంటూ వెళ్లాను. పెళ్లిళ్లకూ పేరంటాలకూ వండి పంపే వంటగది అది, ముందు భాగంలో పొట్లాలు కట్టి అమ్ముతారు. ఆర్డరు చెప్పి నిలబడ్డానో లేదో లోపలి నుంచి నా పాట వినిపించింది. తలుపు తోసుకుని వెళ్లిపోయాను. మన దగ్గర హోటల్ వంటింట్లోకి వెళ్లి ఫలానాది బాగుందని చెప్పి వస్తాం కదా, అలా.

ప్రవళిక తలకు వలటోపీ, నడుముకు ఆ కొట్టు పేరున్న యాప్రాన్ కట్టుకుని పూరీలు వత్తుతోంది. నన్ను చూడగానే మొహం పాలిపోయింది. వెంటనే నవ్వు తెచ్చుకుంది.

"అయ్యో మేడం, మీరెట్లొచ్చిండ్రు? ఊకె, ఫ్రెండ్‌కి హెల్ప్ చేస్తున్న."

"మంచిదే కదమ్మా, పనిచేసుకోవడంలో సిగ్గేముంది! ఏదీ, ఆ పిలుపు ఒక్కసారి పిలువు."

పిలిచింది. పిండి ముద్దలు చిదుముతూ, కర్రతో వత్తుతూ ఆ పాట పాడుతుంటే అది పడవ మనిషి పాటే అనిపించింది. ఫోన్ తీశాను.

"ఫోన్ వద్దు మేడం, ప్లీజ్."

మన ఆడపిల్లలు ఫొటో అంటే వద్దు వద్దంటూనే జడ ముందుకు వేసుకుంటారు. నా బళ్లో అలాంటివాళ్లను వందలమందిని చూశాను. ఇదీ అంతే అనుకున్నాను. ఫోన్ దించినట్టే దించి, పొట్ట దగ్గర పెట్టుకుని రెండు చరణాలు తీశాను. ఆమె చూడలేదు.

దారిలో కారు శైలజ గారు నడుపుతుంటే వెనక సీట్లో కూర్చుని ఆ వీడియో గ్రూప్‌లో పెట్టాను. కింద ఒక వాక్యం కూడా రాశాను. 'వంటింట్లోంచి ప్రపంచ వేదికకు! మన ప్రవళిక, మన పాట.' ఆ వాక్యం కుదిరినందుకు నాకు ఎంతో సంతోషం వేసింది.

హెర్న్‌డన్

శైలజ గారిది పెద్ద ఇల్లు. చెప్పులు గుమ్మంలోనే విడవాలి, అది మనలాగే. ఎవరింటికైనా వెళ్లాలంటే ముందు ఫోన్ చేసి టైం అడగాలి, అది మనలాగ కాదు. మర్నాడు పొద్దున ఆవిడ పెసరట్టు వేసి పెట్టారు. మొదటి ముక్క నోట్లో పెట్టుకోబోతుంటే ఫోన్ మోగింది.

"మేడం, ఆ వీడియో తీయుండ్రి. జెల్ది తీయుండ్రి."

"ఎందుకమ్మా? ఎంత బాగుందో చూశావా? మన గ్రూప్‌లో వాళ్లు పోటీ పేజీలో కూడా పెట్టారు. పోటీ గురించి తొలి వార్త నీదేనే!"

చిన్న గొంతుతో అంది. "నేను స్టూడెంట్ వీసా మీదున్న మేడం. కాలేజ్ బయట పని చెయ్యొద్దు. తెలిస్తె ఇంటికి పంపుతరు."

ఫోన్ పెట్టేసింది. నా చేతిలో ముక్క అలాగే ఉంది.

శైలజ గారు కూడా వీడియో అప్పుడే తెరిచి చూశారు. యాప్రాన్ మీద కొట్టు పేరు స్పష్టంగా చదవవచ్చు. అప్పటికే కింద ఎవరో రాశారు. 'ఈ అమ్మాయి స్టూడెంట్ కదా, ఇక్కడెలా వర్క్ చేస్తోంది?' దాని కింద ఇంకొకరు, 'ఎవరో ఒకరు రిపోర్ట్ చేయాలి, ఇలాంటి వాళ్ల వల్లే అందరికీ ప్రాబ్లం.' రాసినవన్నీ తెలుగు పేర్లే.

గ్రూప్‌లోంచి తీసేశాను. తీసేశానని శైలజ గారికి చూపించాను, బళ్లో పిల్ల పలక చూపించినట్టు.

"మీరు తీస్తే ఏమవుతుందండీ? ఎంతమంది ఫార్వర్డ్ చేశారో!" అన్నారావిడ. నా మొహం చూసి గొంతు తగ్గించారు. "మీకెలా తెలుస్తుంది లెండి. వీడియోలు పెట్టమన్నది నేనే. నాకు తెలిసి ఉండాల్సింది."

పేజీలోంచి కూడా తీయించేసరికి మధ్యాహ్నమైంది. అప్పటికే ఆ కొట్టు యజమాని భయపడి ప్రవళికను పనిలోంచి మాన్పించాడు. సాయంత్రం నిర్వాహకులంతా కంప్యూటర్‌లో కలుసుకుని మాట్లాడుకున్నారు. నేను తెరకు కనపడకుండా పక్కన కూర్చున్నాను. ప్రవళిక అప్పటికే తాను పాడనని మెసేజ్ పెట్టింది. ఇక అరగంట కూడా పట్టలేదు. 'పాట ఉంచుదాం, గొంతు మారుద్దాం' అనుకున్నారు. పాడేది శైలజ గారి అమ్మాయి అనిక. పదహారేళ్లది. ఇక్కడే పుట్టింది, చిన్నప్పటినుంచి సంగీతం నేర్చుకుంటోంది.

ఆ పిల్ల మెట్లమీద కూర్చుని అంతా విన్నది.

"అమ్మా, నాకు వద్దు. అది తన సాంగ్."

"ఇంకో ఆప్షన్ లేదు అనీ. ఫ్రైడేకి సింగర్ పేరు పంపాలి."

అనిక నా వైపు తిరిగింది. "ఆంటీ, నేను బాగా పాడలేను. నాకు తెలుసు. మీకు కూడా తెలుసు."

తెలుసు. అయినా మర్నాటి నుంచి ఆ పిల్లకు 'గట్టోళ్లారా'లో 'ళ్లా' ఎలా పలకాలో నేర్పడం మొదలుపెట్టాను. నాలుక మడిచి పైకి పెట్టమన్నాను. పాపం, రెండు రోజులు అద్దం ముందు నిలబడి 'గట్టోల్లారా, గట్టోల్లారా' అంటూనే ఉంది.

మళ్లీ పిస్కాటవే

మూడో రోజు శైలజ గారితో చెప్పాను, నేను ఆ అమ్మాయిని చూడాలని. వద్దని చెప్పి చూశారు. చివరికి బస్సెక్కించారు. పక్క సీట్లో ఒక నల్లజాతి ముసలావిడ కూర్చుంది. నేను కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంటుంటే ఏం అడక్కుండా సంచీలోంచి రుమాలు కాగితమొకటి, పిప్పర్‌మెంటు బిళ్లొకటి తీసి నా ఒళ్లో పెట్టింది. కొంతదూరం వెళ్లాక "కొడుకా, కూతురా?" అని ఇంగ్లీషులో అడిగింది. ఎవరి గురించి ఏడుస్తున్నావని. వచ్చిన ఇంగ్లీషులో "స్టూడెంట్" అన్నాను. తల ఊపి నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ దిగేదాకా అలాగే పట్టుకుని ఉంది.

ప్రవళిక నన్ను ఫ్లాట్‌కు రానివ్వలేదు. రూమ్మేట్లు కూడా భయపడుతున్నారంది. బస్టాపు బెంచీ మీద కలుసుకున్నాం. చలిగాలి కోతగా ఉంది. టోపీ నుదుటిదాకా లాక్కుని వచ్చింది. మా ఊరి నుంచి పట్టుకెళ్లిన పూతరేకుల పొట్లం ఆమెకిచ్చాను. రెండు చేతులతో తీసుకుంది. నన్ను తిట్టినా బాగుండేది.

"ఎవరైనా ఏమైనా అన్నారామ్మా? కాలేజీ వాళ్లు?"

"తెల్వది మేడం. రిపోర్ట్ చేసిండ్రో లేదో, అదే తెల్వది. ఫోన్‌ల మెయిల్ సప్పుడైతె ఫోన్ బోర్లేసి అవుతలికి పోత. మా సీనియర్ ఒకాయన అన్నడు, ఇప్పుడు రాకున్నా రేపు జాబ్ టైంల పట్టుకుంటరని."

"తప్పంతా నాదని రాసిస్తాను. ఎవరికి రాయమంటే వాళ్లకి రాస్తాను."

"మీరు రాస్తే ఇంకింత తెలుస్తది గద మేడం."

"మరి నేనేం చెయ్యనమ్మా?"

"ఏం చెయ్యకున్రి."

బస్సొకటి వచ్చి ఆగి వెళ్లిపోయింది. ఆమె పొట్లం ముడి సరిచేస్తూ మెల్లగా అడిగింది. "నేను వద్దన్న గద మేడం. మీకు ఇనవడలేదా?"

వినపడిందని చెప్పాను. ఎందుకు తీశానో చెప్పబోయాను. బళ్లో పిల్లలు, జడలు, సిగ్గు... సగంలో ఆపేశాను. ఆమె అవన్నీ వినాల్సిన అవసరం ఏముంది?

"ఒక్కటి చెయ్యుండ్రి మేడం. నా గొంతు ఎక్కడ ఉంచొద్దు. బాతెల్‌ల మన పాటకు మ్యూజిక్ చేసే శ్రీకాంత్ అన్నకు ఫోన్‌ల పాడి పంపిన. అది గూడ తీసేయించుండ్రి. నా పేరు గూడ."

సరేనన్నాను. లేచి వంగి నా కాళ్లకు దండం పెట్టింది. ఆపేలోపే పెట్టేసింది.

బాతెల్

అమెరికా ఆ చివర ఉంది బాతెల్. సూదుల్లాంటి ఆకులున్న ఎత్తైన చెట్లు, రోజంతా సన్నటి తుంపర. గొడుగు వేసుకున్నవాడు ఒక్కడూ కనపడలేదు, అందరూ టోపీ కుట్టిన కోట్లలో తడుస్తూ నడుస్తారు. శ్రీకాంత్‌ది గుంటూరు. నలభై ఏళ్లుంటాయి, మందులు తయారుచేసే ల్యాబ్‌లో ఉద్యోగం, కారు షెడ్డులో రికార్డింగ్ గది. మొదటిసారి చూడగానే "రండి పిన్నిగారూ, తడిసిపోయారు" అన్నాడు. ఉప్మా, ఆవకాయ పెట్టాడు. ఊరొదిలాక మొదటిసారి ఎవరో నన్ను పిన్నీ అన్నారు.

అనిక, శైలజ గారు కూడా వచ్చారు. అనిక రెండు గంటల్లో పాట పాడేసింది. శ్రుతి తప్పలేదు. 'ళ్లా' కూడా పలికింది. తప్పుపట్టడానికి ఒక్కటి కూడా లేదు.

ఆ 'ఓ' దగ్గర మాత్రం ఆగిపోయింది. ఎనిమిదిసార్లు పాడింది. తొమ్మిదోసారి చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసి శ్రీకాంత్‌ని అడిగింది.

"అంకుల్, తను ఎలా పాడింది? నేను వినలేదు ఎప్పుడూ."

శ్రీకాంత్ నా వైపు చూశాడు. నేను వద్దనలేకపోయాను. కంప్యూటర్‌లో పెట్టాడు. ప్రవళిక ఆ ఫ్లాట్‌లో బట్టల అలమారాలో కూర్చుని పాడిందట, బయటి చప్పుడు రాకుండా. అయినా రెండో చరణంలో ఎవరిదో కుక్కర్ విజిల్ వేసింది. పాట ఆపకుండా పాడుతూనే చిన్నగా నవ్వడం కూడా వినపడింది. పాట అయిపోయాక, "బాగొచ్చిందా అన్నా? లేకుంటె మల్ల పాడత" అని అడిగింది.

శైలజ గారు బయటికి వెళ్లిపోయారు.

"ఆంటీ, నేను ఆ ఫస్ట్ పార్ట్ పాడను" అంది అనిక. "మిగతాది పాడతాను, అమ్మకి ప్రామిస్ చేశాను. అది మాత్రం నేను పాడితే ఫేక్‌గా ఉంటుంది. అక్కడ ఏదైనా ఇన్‌స్ట్రుమెంట్ పెట్టండి."

శ్రీకాంత్ అక్కడ వేణువు పెట్టాడు. తర్వాత నేను అతనికి ప్రవళిక అడిగింది చెప్పాను.

"మొత్తం డిలీట్ చేయమందా?" కుర్చీలో వెనక్కి వాలాడు. "పిన్నిగారూ, ఇలాంటి వాయిస్ మళ్లీ దొరకదు. ఎవరికీ పంపను. నా దగ్గర ఊరికే ఉంచుకుంటా. లేదా మీ ఫోన్‌లో వేస్తాను, మీరు తీసుకెళ్లండి. ఆ అమ్మాయికి తెలియదు కదా."

నాకు ఎంత ఆశ పుట్టిందో ఇక్కడ దాచను. ఆ పాటను నేను బతికున్నంతకాలం వినవచ్చు. నా పాటను అలా పాడినవాళ్లు ఇంకెవరూ లేరు, ఇకపై ఉండరు కూడా. ఫోన్ చేతిలోనే ఉంది. ఒక్క మాట అంటే చాలు.

"తీసెయ్యి బాబూ. ఒకసారి తను వద్దన్నా వీడియో తీశాను" అన్నాను.

తీసేశాడు. కంప్యూటర్‌లోని చెత్తబుట్టలోంచి కూడా తీసెయ్యమన్నాను. తీసేసి ఖాళీ తెర చూపించాడు. నేను చూసుకుని, బయటికెళ్లి ఆ తుంపరలో చాలాసేపు నిలబడ్డాను.

ఇంటికొచ్చాక

నేను తిరిగొచ్చిన వారానికి పోటీ వాళ్లు అన్ని దేశాల పాటల నుంచి చిన్న చిన్న ముక్కలు విడుదల చేశారు. మా పాటకే ఎక్కువ మెచ్చుకోళ్లు వచ్చాయి. 'ఆరంభంలో ఆ వేణువు ఎంత హాయిగా ఉందో' అని రాశారు. మా ఊరి గ్రంథాలయంలో నాకు శాలువా కప్పారు. మాట్లాడమంటే గొంతు బాగాలేదని చెప్పి కూర్చుండిపోయాను.

ప్రవళికకు అంతకుముందే రెండు మెసేజ్‌లు పెట్టాను. తన గొంతు ఎక్కడా లేదని, పేరు కూడా లేదని. శాలువా కప్పిన మర్నాడు జవాబు వచ్చింది.

'కంగ్రాట్స్ మేడం. డిసెంబర్‌ల నా డిగ్రీ అయిపోతది. ఇప్పటిదాంక ఏం మెయిల్ రాలేదు. పాట మా రూమ్మేట్స్ పెడితె నేను బయటికి పోయిన. ఏమనుకోకున్రి.'

ఏమీ అనుకోను తల్లీ అని రాశాను. ఆగలేక ఇంకో మాట కూడా అడిగాను. 'పాడుతున్నావా?'

చూసినట్టు రెండు నీలం గీతలు పడ్డాయి. ఇవాళ్టికి పదకొండు రోజులు. జవాబు రాలేదు.